కళ్ళమంత ఆట

మొన్న ఆదివారం మా ఆడబిడ్డ కూతురు అనంతపురం నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, హాకీ ఆడుతుంది, జిల్లా తరఫున బయటి ఊళ్ళకు కూడా వెళ్ళి ఆడి వచ్చింది. మధ్యాహ్నం సంగటి తిన్నాక వసారాలో నా పక్కన కూర్చుని ఫోనులో ఏవేవో నొక్కుతుంటే ఏమిటని అడిగాను. ఢిల్లీలో ఒక పెద్ద కాలేజీ ఉందట. అందులో ఆటల కోటా కింద సీటు వచ్చే అవకాశం ఎంతో ఈ ఫోనే చెబుతుందట. మార్కులు, ఆడిన పోటీలు, తెచ్చుకున్న సర్టిఫికెట్లు అందులో వేస్తే చాలట. వేసింది. చక్రంలాంటిది ఒకటి గిర్రున తిరిగి ఆగింది. నాకు చదవడం వచ్చునని చూపించుకోవడం నాకెప్పుడూ ఇష్టమే కనుక ఫోను నా వైపు తిప్పుకుని, కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ చదివాను. అవకాశం తక్కువ అని ఉంది.

"తక్కువంట అత్తా. ఇంగ ఆడికి వద్దులే, బెంగళూరులో చూసుకుంటా" అని ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి, శనక్కాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది. ముఖంలో బాధ లేదు, కోపం లేదు. బస్సు రాదని తెలిస్తే ఇంకో బస్సు చూసుకున్నట్లు ఉంది.

పాతికేళ్ళ కిందట వాళ్ళమ్మ వెళ్ళి వచ్చిన కాలేజీ అదే. ఆ సంగతి ఆ పిల్లకు తెలియక కాదు, తెలుసు, కానీ ఎవరిదో కథ తెలిసినట్లు తెలుసు. నాకు మాత్రం ఆ రెండు అక్షరమ్ముక్కలు చదివినప్పటి నుంచి మనసు ఒకచోట నిలవలేదు. ఇప్పుడు ఎండనుంచి కరెంటు తీసే పలకలు పరిచిన మా పాత మెరక చేను చుట్టూ తిరుగుతూనే ఉంది.

మాది యాడికి మండలం వైపు ఒక చిన్న పల్లె. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి మా ఆడబిడ్డకు పాలపళ్ళు ఊడుతున్నాయి. వాళ్ళమ్మ, అంటే మా అత్త, చేని పనికి పోతే ఆ పిల్ల నా కొంగు పట్టుకునే తిరిగేది, రాత్రి నా పక్కలోనే పడుకునేది. హైస్కూలుకు వెళ్ళాక దానికి హాకీ పట్టుకుంది. అక్కడి ఆటల సారు ఎక్కడినుంచో పాత కట్టెలు నాలుగు సంపాదించి ఆడపిల్లలకు ఆట నేర్పాడు. బడి వెనక గులకరాళ్ళ నేల, బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలియదు. ఆ నేలమీద ఆడి ఆడి మా పిల్ల మోకాళ్ళు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి. అత్త కొబ్బరినూనె, పసుపు రాస్తూ తిడుతుండేది, తిడుతూ రాస్తుండేది.

ఆ పిల్ల ఇంటర్ రాసిన ఏడు ఒకరోజు ఆటల సారు మా ఇంటికే వచ్చాడు. ఢిల్లీలో దేశానికే పేరున్న కాలేజీ ఒకటి ఉందని, మామూలుగా అయితే మనలాంటివాళ్ళకు దాని గేటు కూడా కనబడదని, ఆటలో పరీక్ష పెట్టి కొందరిని తీసుకుంటారని, హాకీ ఆడే ఆడపిల్లలకు రెండే సీట్లని, ఒకసారి పంపి చూద్దామని చెప్పాడు. మా ఇంటాయన అంతా విన్నాడు. తర్వాత రైలు ఎక్కడ ఎక్కాలని అడిగాడు. అంతే, పోవడం ఖాయమైపోయింది. సీటు వచ్చే అవకాశం ఎంత అని మాలో ఎవ్వరం అడగలేదు. అడగాలని కూడా మాకు తెలియదు. పోయేది ఒక పిల్ల, సీట్లేమో రెండున్నాయి, మా లెక్క అంతవరకే.

పోతూ పోతూ సారు ఒక మాట అన్నాడు. అక్కడ మట్టి నేల మీద ఆడరట. పచ్చటి తివాచీలాంటిది పరిచి ఉంటుందట, ఆటకు ముందు దానిమీద నీళ్ళు చల్లుతారట, బంతి నూనెమీద జారినట్లు పోతుందట. దానిమీద అలవాటు లేనివాళ్ళు బంతిని ఆపలేక బిత్తరపోతారట. ఆ రాత్రి మా పిల్ల అన్నం సరిగా తినలేదు.

ఆ ఏడు ఎలాంటి ఏడో మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. విత్తిన శనక్కాయ విత్తినట్లే భూమిలో మాడిపోయింది. బోర్లు ఎండిపోయాయి. రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది, దాని చుట్టూ బిందెలు, బిందెల చుట్టూ మేము. ఊళ్ళో మాటలన్నీ అక్కడే పుట్టేవి. ఢిల్లీలో నేలకు నీళ్ళు పోసి ఆడతారన్న మాట నేను అక్కడే చెప్పాను.

"తాగేకి లేకుండా మనం చస్తాంటే, ఆడ ఆడుకునేకి పోస్తారంటనా?" అని ఒకామె మూతి తిప్పింది.

"పెద్దోళ్ళ నేలకు దాహం ఎక్కువలే" అని ఇంకొకామె.

నవ్వుకున్నాం. నవ్వయ్యాక ఎవరు మొదట అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు గానీ, తడినేల మీద అలవాటు కావాలంటే మన నేలనే తడిపితే పోలేదా అన్న మాట పుట్టింది. అది పుట్టిన తర్వాత ఎవరూ దాన్ని కాదనలేదు. ఇంటికొక బిందె అనుకున్నారు. మా పక్కింటి అవ్వ ఒంటరి మనిషి, ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే నా చేయి పట్టుకుని ఆపి, "నా బిందె కూడా తీసుకో మే. రెండు దినాలు మొగం కడుక్కోకుంటే ఏమి, నన్నెవరు పెండ్లి చూపులు చూసేకి వస్తారప్పా" అంది.

మా ఇంటిపక్కనే మెరక చేను. అందులో ఒక మూల మా మామ కాలంలో కళ్ళం ఉండేది, కొర్రలు, ఉలవలు అక్కడే నూర్చేవాళ్ళు. తర్వాత తర్వాత అందరూ ఉలవకట్టె తెచ్చి తారురోడ్డు మీద పరిచి, బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే గింజ తీసుకోవడం నేర్చుకున్నారు, కళ్ళం పాడుబడి గడ్డి మొలిచింది. ఆ మూలలోనే బిందెలన్నీ కుమ్మరించాం. ఎర్రమన్ను గుటుక్కున తాగి ఇంకా కావాలన్నట్లు చూసింది, ఇంకా పోశాం. మా పిల్ల లంగా ఎగదోపి, కట్టె పట్టుకుని దిగింది. బంతి బురదలో కూర్చుంది. దాన్ని కొట్టబోతే బురద లేచి ముఖాన పడింది గానీ బంతి లేవలేదు. పిల్ల చీలమండల దాకా దిగబడిపోయి మా వైపు చూసింది. మేము ఒకరి వైపు ఒకరం చూసుకున్నాం. వీధి వీధంతా రెండురోజులు దాచుకోవలసిన నీళ్ళు అవి.

అప్పుడు వచ్చింది మా అత్త, నెత్తిన కట్టెలమోపుతో. మోపు దించకుండానే అంతా చూసింది.

"ఏమ్మే, ఆకాశం కురిసేది లేదని మీరే కురిపిస్తాండారా? బాగుండాదిలే, పందులు పొర్లేకి పనికొస్తాది."

మా పిల్ల ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. అత్త మోపు దించి, వంగి, ఇంత మన్ను తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, ఈసారి వేరే గొంతుతో అంది. "ఎట్లాగూ తడిపినారు కదా. నిలబడి చూస్తాండారేమి, తొక్కండి. కళ్ళం చేస్తాం."

మన కాలం వాళ్ళకు కళ్ళం చేయడమంటే తెలుసు, చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. గడ్డి చెక్కి, రాళ్ళు ఏరి, ఎండిన చెరువులోని ఒండ్రుమట్టి తెచ్చి కలిపి, తడిపి, కాళ్ళతో తొక్కి తొక్కి, మీద పొట్టు చల్లి, రాతిగుండు దొర్లించి, ఆరినాక పేడతో అలికితే, ఒక్క గింజ కూడా మట్టిలో దూరనంత నున్నగా గట్టిపడుతుంది. ఆ సాయంత్రం చేతులు పట్టుకుని వరుసగా తొక్కాం. ఎవరో పాట అందుకున్నారు. అవ్వ కూడా చీర పైకి దోపుకుని దిగింది, పడబోయి మా పిల్లను పట్టుకుంది, ఇద్దరూ పడ్డారు. ఆ ఏడు మా ఊళ్ళో ఎవరి చేలోనూ నూర్చడానికి పిడికెడు గింజ లేదు. గింజ లేని ఏడు కళ్ళం చేసినవాళ్ళం మేమే అయ్యుంటాం.

నాలుగురోజులకు ఆరింది. ఆటల సారు వచ్చి, గట్టుమీదే చెప్పులు విడిచి, కళ్ళం మీదికి వచ్చి బంతిని మెల్లగా తోశాడు. అది ఎక్కడా ఎగరకుండా, పాములా జారిపోయి అవతల గడ్డిలో పడింది. సారు చాలాసేపు అటే చూసి, ఇది తివాచీ కాదుగానీ తివాచీకి చెల్లెలే అన్నాడు. మా అత్త అది విని ముఖం అటు తిప్పుకుంది. ఆమె సంతోషపడినప్పుడు అలాగే తిప్పుకునేది.

ఆ తర్వాత ప్రతి తెల్లవారుజామునా మా పిల్ల ఆటకు ముందు కళ్ళం మీద నీళ్ళు చల్లేవాళ్ళం, తడి తగిలితే బంతి ఇంకా జారేది. మంచినీళ్ళు కావు. వీధిలో అందరూ ముఖాలు కడుక్కున్న నీళ్ళు, చేతులు కడుక్కున్న నీళ్ళు ఇళ్ళల్లో కుండల్లో పట్టి ఉంచి, పొద్దున్నే చెంబుల్లో తెచ్చి వాకిట్లో కళ్ళాపి చల్లినట్లు చల్లి పోయేవాళ్ళు. పోతూ పోతూ కాసేపు నిలబడి, కట్టెకు బంతి తగిలిన చప్పుడు విని పోయేవాళ్ళు. నేను అటునుంచి బంతి విసిరేదాన్ని, పిల్ల ఆపేది. ఎంత గట్టిగా విసిరినా ఆపేది. అంత చిన్న చోటులో కాలు ఎక్కడ పెట్టాలో, కట్టె ఎలా వంచాలో దాని ఒంటికి పట్టుకుపోయింది. ఈ వయసులో నిద్రపట్టకపోతే నేను తలుచుకునేది ఆ పొద్దుల్నే.

గుంతకల్లులో రైలెక్కి అన్నాచెల్లెళ్ళిద్దరూ ఢిల్లీ పోయారు. మేము ట్యాంకరు దగ్గర రోజూ వాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటారని అనుకునేవాళ్ళం. తిరిగి వచ్చిన రోజు మా ఇంటాయన సంచి దించి, ముందుగా ఆ నీళ్ళ సంగతే చెప్పాడు. గొట్టాల్లోంచి వానలా చిమ్మారట. "ఆడ చల్లిన నీళ్ళు మన ఊరికి వారం తాగేకి వస్తాయి" అని ఊరుకున్నాడు. సీటు రాలేదని చెప్పడానికి అదొక దారి ఆయనకు.

మా పిల్ల కళ్ళం మీద వట్టి నేలనే కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. నేల మీద వేలితో గీస్తూ అంది.

"ఆపింది ఆపినట్లే వదినా, ఒక్క బంతి కూడా పోనీలేదు. సార్లందరూ చూసినారు. కొట్టేటప్పుడే. అంత పెద్ద నేల ముందర ఉండాది, దూరం కొట్టమంటారు. కట్టె ఎత్తితే, యాడో ఈడనే నేల అయిపోతాదనిపిస్తాది. చెయ్యి అదే ఆగిపోతాది."

మేము మా చేతనైనంత కళ్ళమే చేశాం. దాని ఆట ఆ కళ్ళమంతే పెరిగింది.

వీధిలోవాళ్ళకు ఎలా ముఖం చూపించాలా అని ఆ పిల్ల మూడురోజులు ఇల్లు కదల్లేదు. నాలుగోరోజు అవ్వే వచ్చి గడపలో కూర్చుంది. అందరి నీళ్ళూ వృథా చేశానవ్వా అని పిల్ల అంటే, అవ్వ దాని తల నిమిరి, "నీళ్ళు యాడికి పోతాయి పాపా, నేలలోనే కదా ఉండేది" అంది.

తర్వాతి ఏడు వాన పడింది. ఉలవలు బాగా పండాయి. కళ్ళం సిద్ధంగా ఉందని ఊళ్ళో సగంమంది ఉలవకట్టె మా దగ్గరికే తెచ్చుకున్నారు. దాన్ని ఊడ్చి, అలికి, వాళ్ళకు అప్పగించింది మా పిల్లే. అనంతపురంలో చదివి, ఆటల టీచరయింది. పెళ్ళయి కాన్పుకు వచ్చినప్పుడు చేటలో ఉలవలు పరిచి, వాటిలో నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. నలభై ఏళ్ళకు దగ్గరపడిన నేను ఉలవల్లో అమ్మ అని రాసిన వారానికి, ఇప్పుడు శనక్కాయలు ఒలుస్తున్న ఈ పిల్ల పుట్టింది.

ఈ పిల్ల ఆడే నేల పచ్చగానే ఉంటుందట, అనంతపురంలోనే నీళ్ళు చల్లి ఆడతారట. దూరం కొట్టడానికి దీని చెయ్యి ఆగదు, నేను చూశాను. రానిదాని కోసం పోయి, వచ్చి, మూడురోజులు ఇల్లు కదలకుండా కూర్చునే బాధ దీనికి లేదు. అది మంచిదే, నిజంగానే మంచిదే అనుకుంటాను. ఆనాడు మా చేతిలో ఇలాంటి ఫోను ఉండి, అవకాశం తక్కువ అని చూపించి ఉంటే, మా ఇంటాయన రైలు ఎక్కడ ఎక్కాలని అడిగేవాడు కాదు. అవ్వ తన బిందె ఇచ్చేది కాదు. ఇవ్వమని అడిగే ధైర్యం మాకూ ఉండేది కాదు. తెలియక పోశాం. తెలిసినవాళ్ళు ఎవరూ ఎవరి కోసమూ అలా పోయరు.

సాయంత్రం పిల్లను బస్సెక్కించి వస్తూ మెరక చేను దగ్గర ఆగాను. కరెంటు కంపెనీకి కౌలుకిచ్చి చాలా ఏళ్ళయింది, కంచె అవతల వరుసలు వరుసలుగా పలకలు. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని ట్యాంకరు తెచ్చి వాటిని కడుగుతారు, ఆరోజూ కడుగుతున్నారు. పలకల మీదినుంచి జారిన నీళ్ళు ఎక్కడ పడినవి అక్కడే ఎర్రమట్టిలో ఇంకిపోతున్నాయి. ఒక మూల మాత్రం ఇంకవు. అక్కడ గడ్డి మొలవదు, నీళ్ళు పడగానే నేల తాగదు, కాసేపు పలచగా నిలబడి మెరిసి, తర్వాత మెల్లగా పక్కకు జారతాయి. కడిగే కుర్రవాళ్ళకు అది ఎందుకో తెలియదు. ఆ మెరుపు ఆరేదాకా కంచె పట్టుకుని నిలబడి ఇంటికి వచ్చాను.