గడప దాకా నడిచొచ్చిన ఉల్లి

దోసిట్లో గోదావరి నీళ్లు పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. మొన్న ఆదివారం మా వంటింటి గడప పక్కన, సిమెంటు పగుల్లోంచి ఓ ఉల్లికాడ తలెత్తింది. "సిమెంట్లో ఉల్లి మొలవడమేంటండీ, మీ కోతలూ మీరూనూ!" అంది మా ఆవిడ. వంగి చూశాక చెంబుతో నీళ్లు తెచ్చి దాని మొదట్లో పోసింది.

మన ఈడువాళ్లలో ఎవరికైనా ఆ నడిచే ఉల్లి గుర్తుందేమో. దాన్ని ఏటేటా నాటక్కర్లేదు. పువ్వు పూయాల్సిన చోట, కాడ కొసన చిట్టి ఉల్లిపాయలు కాసి, ఆ బరువుకి కాడ ఒరిగి, ఒరిగినచోటే వేళ్లూని, మడి మడంతా ఏడాదికో జానెడు ముందుకు నడుస్తుంది. సరుకు పడవల మీద తిరిగే మావయ్య, అంటే మా మేనత్త భర్త, ఎక్కణ్ణుంచో ఓ దుబ్బు తెచ్చి, కొవ్వూరులో వాళ్ల పెరటి దడి వారన పాతి, మళ్లీ పడవెక్కి, ఇక తిరిగి రాలేదు. ఉల్లి మాత్రం ఇంటివైపే నడవసాగింది.

కొత్తగా ఉద్యోగంలో చేరి అత్త ఇంట్లోనే ఉండేవాణ్ణి. పొద్దున్నే చద్దన్నంలో ఆ పాయ నేను కొరికితే పక్కింటాయన తుమ్మేవాడు, అంత ఘాటు. వెనకవి ఎన్నైనా పీక్కోనిచ్చేది గాని, అన్నిటికంటే ముందున్నదాని జోలికి పోనిచ్చేది కాదు అత్త. "అది మీ మావయ్యరా. నడిచొస్తున్నాడు."

వీడికి బదిలీ అయితే ఒంటరిగా ఎన్నాళ్లుంటావు, రామచంద్రపురం వచ్చెయ్యమని నాన్న నెలనెలా వచ్చి బతిమాలేవాడు. "ఆయన్ని గడప దాకా రానీ తమ్ముడూ, అప్పుడొస్తాను" అనేది. గడపకింకా మూడు మూరలుంది. నాన్న కళ్లొత్తుకుంటూ బస్సెక్కేవాడు.

ఆ ఏడాది వానలకి ఉల్లి ఒక్క పూటలో మూడు మూరలూ నడిచి గడప పక్కన నిలబడింది. అత్త అరవలేదు, ఏడవలేదు. తల దువ్వుకుని, రెండు కంచాలు పెట్టింది. నాన్న సంబరంగా సామాను సర్దబోతే చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెలా రానురా? మనిషొచ్చాక వదిలేసొస్తానా?" నాకు బదిలీ అయ్యాక కూడా, చివరిదాకా ఆ ఇంట్లోనే, ఒక్కతే ఉంది. గడప పక్క కంచంలో రోజూ వేడన్నం పెట్టేది. సాయంత్రానికి కంచం ఖాళీ. తిన్న కాకినిగాని పిల్లినిగాని నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడు ఉల్లిపాయలు సంచుల్లో వచ్చి బుట్టలో కూర్చుంటాయి, ఎవరివైపూ నడవవు. నడవడానికి పెరళ్లూ లేవు.

నేను కల్పించింది ఒక్కటే. ఆ మూడు మూరలూ ఉల్లి నడవలేదు. అత్త తొందరగా మా ఇంటికి వచ్చేస్తుందని, ఆవిడ సంతకెళ్లిన పూట నేనే పెళ్లగించి గడప పక్కన పాతాను.

మా గడప దగ్గరిది మాత్రం నేను పాతలేదండీ.