ఉప్పు కాస్త తగ్గింది

మా కూరలు బాగుండవని లోకానికి మొట్టమొదట చెప్పింది నేనే. ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. నా చేత్తో, నా ఫోన్లో, ఫొటోలు పెట్టి మరీ రాశాను. అది చదివి జనం మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు చూసి మురిసిపోయాను చూడండి, నన్ను చెప్పు తీసుకుని కొట్టాలి.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఐటీ పార్కుల వెనక సందులో మాకో కర్రీ పాయింట్ ఉండేది. మాది ఒంగోలు పక్క. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. పప్పు, పులుసు, వేపుడు, పచ్చడి వండి స్టీలు గిన్నెల్లో వరసగా పెడితే, ఆఫీసుల నుంచి వచ్చే తెలుగు పిల్లలు గదిలో కుక్కర్లో అన్నం పడేసుకుని, మా దగ్గర కూర పొట్లాలు కట్టించుకుపోయేవాళ్లు. కరోనాకి ఆ పిల్లలందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. తిరిగొచ్చారు గానీ, వస్తూ వస్తూ వేరే అలవాటు వెంట తెచ్చుకున్నారు. మంచం మీద పడుకుని ఫోన్ నొక్కితే తిండి గుమ్మంలోకి వస్తుంటే సందు చివరిదాకా ఎవరు నడుస్తారు? మేమూ ఆ యాప్‌లలో చేరాం. వాళ్ల కమిషన్ పోను మాకు మిగిలింది గిన్నెలు తోముకోవడమే.

మధ్యాహ్నం దాటాక ఆ గిన్నెల వైపు చూడాలంటే నాకు భయం. తెల్లవారకముందే లేచి, చింతపండు పిసికి, పోపు పెట్టి, కమ్మగా దించిన పులుసును నా చేత్తో నేనే సింకులో ఒంపాలి. తిండి పారబోస్తే కళ్లు పోతాయని విని పెరిగినదాన్ని. రోజూ పారబోసేదాన్ని. ఆ టైముకి మా ఆయన ఏదో పనున్నట్టు బయటికెళ్లి రోడ్డు చూస్తూ నిలబడేవారు.

షాపు గది ఓనరు ఐటీ రాకముందు నుంచీ ఆ పక్కనే ఉన్న తెలుగాయన. మంచివాడే. ఒకరోజు వచ్చి స్టూలు మీద కూర్చుని, మేమిచ్చిన కాఫీ తాగి, మా ఆయనతో అన్నాడు.

"చూడప్పా, మొబైల్ అంగడి పెట్టేవాడు ఒకడు వచ్చి నా తల తింటా ఉండాడు. బాడిగ నీకంటే జాస్తి ఇస్తానంటాడు. మీ మీద నాకేం కోపం లేదు. ఈ నెల, ఆ పైన ఇంకో నెల చూస్తా. ఆ మీద నన్ను అడగొద్దప్పా."

ఆ షాపు తప్ప మాకింకేం లేదు. ఉన్నదంతా ఆ గిన్నెల్లోనే పోశాం. ఆ వయసులో మా ఆయనకు ఎవరు పని ఇస్తారు? నాకు గరిట తిప్పడం తప్ప ఏమొచ్చు? ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

మా దగ్గరికి రోజూ వచ్చే అమ్మాయి ఒకతి ఉండేది. పక్క వీధి పీజీ హాస్టల్లో ఉంటుంది. కంపెనీల తరఫున వాళ్ల వెబ్‌సైట్లలో బ్లాగులు రాయడం ఆ పిల్ల ఉద్యోగం. నా వాలకం చూసి, విషయమంతా కూపీ లాగి, ఉపాయం చెప్పింది.

"ఆంటీ, ఒక్క ఆఫీస్ లంచ్ కాంట్రాక్ట్ దొరికితే మీరు సెట్ అయిపోతారు. వాళ్లు ఎవరికైనా ఆర్డర్ ఇచ్చేముందు ఆన్‌లైన్‌లో చెక్ చేస్తారు. బ్లాగ్ స్టార్ట్ చేద్దాం."

"నా మొహానికి బ్లాగొకటా?"

"మొహంతో పని లేదు ఆంటీ. మీ వాయిస్ చాలు."

స్కూల్లో తెలుగులో నాకు మంచి మార్కులే వచ్చేవి. ఆ ధీమాతో కూర్చుని రాశాను. 'నాణ్యతకు మారుపేరు, శుచికి చిరునామా, అమ్మ చేతి కమ్మదనమే మా ప్రత్యేకత.' మా ఆయన దాన్ని రేడియోలో వార్తలు చదివినట్టు పైకి చదివి, "ఎవరే ఈవిడ? మనింటికి ఎప్పుడొచ్చింది?" అన్నారు. ఎన్నాళ్లకో ఆయన నవ్వడం అదే. నాకు మాత్రం ఒళ్లు మండింది. అలాంటివే ఇంకొన్ని రాశాను. గోంగూరలో ఇనుము, పప్పులో మాంసకృత్తులు, అదీ ఇదీ. చదివింది ఆ పిల్ల, నేను, మా ఆయన.

"ఆంటీ, ఇది ఫ్లెక్సీ బోర్డులా ఉంది. అథెంటిక్‌గా లేదు," అంది ఆ పిల్ల.

ఆ మాట వింటే నాకు చిరాకు. వైట్‌ఫీల్డ్‌లో ప్రతి హోటలు నెత్తినా అథెంటిక్ ఆంధ్రా అని ఉంటుంది. లోపలికెళ్తే పప్పులో పంచదార. ఆ మాటే అన్నాను. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "ఇదే! ఇదే కావాలి! గరిట పట్టుకుని నాతో ఎలా మాట్లాడతారో అచ్చం అలాగే రాయండి."

గరిట పట్టుకుని నేనెలా మాట్లాడతాను? మనలో వండి పెట్టే ఆడవాళ్లందరిలాగే మాట్లాడతాను. విస్తరి ముందు కూర్చున్నవాళ్లతో 'నా పులుసు అదిరిపోతుంది, తినండి' అని ఏ ఇల్లాలైనా అంటుందా? అంటే ఆ పులుసు ముట్టబుద్ధవుతుందా? 'ఏదో చేశానమ్మా, ఇవాళ అంత కుదర్లేదు, ఏమనుకోకండి' అంటాం. తినేవాళ్లు 'అబ్బే, ఎంత బాగుందో' అని ఇంకో గరిటెడు వేయించుకుంటారు. మా అమ్మా అంతే, మా అత్తగారూ అంతే. మా ఇంట్లో అయితే ఇంకాస్త విచిత్రం. పెళ్లయిన కొత్త నుంచీ మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఉప్పు కాస్త తగ్గిందే" అంటారు. ఉప్పు సరిగ్గానే ఉంటుంది. అలా అన్నారంటే నచ్చిందన్నమాట, మారు వడ్డించుకుంటారన్నమాట. "మీ నాలుక్కి తుప్పు పట్టింది" అని నేనంటాను. మా కాపురమంతా ఇలాగే గడిచింది.

సరే, పోయేదేముందని మర్నాడు అలాగే రాశాను. 'ఇవాళ సాంబారు పెట్టాను. సాంబారని నేనంటున్నాను గానీ చూడబోతే కుడితిలా ఉంది. కళ్లు మూసుకుని పోసుకోండి. వంకాయ కూర వేగిందో మాడిందో నాకే తెలియడం లేదు. పొద్దున మా ఆయన తిన్నారు, ఇంతవరకూ బతికే ఉన్నారు. మీకూ ఏం కాదు, రండి.'

ఆ పిల్ల దాన్ని తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. పెట్టీ పెట్టగానే ఫోన్ మోగడం మొదలైంది. 'ఆంటీ, నాకు కుడితి రెండు పొట్లాలు.' 'అచ్చం మా అమ్మే.' 'అంకుల్ క్షేమమేనా?' సాయంత్రం నలుగురు పిల్లలు నవ్వుకుంటూ వచ్చి మా ఆయన్ని పైకీ కిందకీ చూసి, సాంబారు కట్టించుకుపోయారు. ఇక రోజూ రాశాను. మాడిన పోపు గురించి రాశాను, ముదిరిన బెండకాయల్ని తిట్టాను, టొమాటో ధరని శపించాను. ఇన్నేళ్లూ గోడలతోనూ గిన్నెలతోనూ అనుకున్న మాటలు ఎక్కడెక్కడివాళ్లో చదివి నవ్వుతున్నారంటే నాకెంత సంతోషంగా ఉండేదో! రాస్తున్నంతసేపూ షాపు సంగతి మర్చిపోయేదాన్ని.

కానీ చదివేవాళ్లంతా కొనేవాళ్లా? సగం మంది హైదరాబాదులో, విజయవాడలో కూర్చుని గుటకలు మింగేవాళ్లే. సింకులో పారబోయడం కాస్త తగ్గింది గానీ ఆగలేదు. ఓనరు చెప్పిన గడువు దగ్గరికొచ్చేసింది.

అప్పుడొచ్చాడు అడ్మిన్ సారు. పార్కులో ఒక ఆఫీసుకి క్యాంటీన్ వ్యవహారాలు చూస్తాడు. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. వాళ్ల ఆఫీసులో పనిచేసే మన పిల్లలెవరో పంపారట. నిలబడే అన్నీ రుచి చూశాడు. గోంగూర పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. వచ్చే నెల నుంచి రోజూ ఆఫీసు మొత్తానికి మధ్యాహ్నం భోజనం మీరే పంపాలి, నాకు నచ్చింది, పైవాళ్లు ఒక్క మాట సరేననాలి, అని హిందీలో చెప్పాడు. నాకొచ్చిన హిందీ ముక్కలన్నీ పోగేసి, మాకు బ్లాగు కూడా ఉంది సార్, చాలామంది చదువుతారు, అన్నాను. ఆయన అడగలేదు. నేనే గొప్పగా లింకు పంపాను. ఆ వేలు విరిగిపోయినా బాగుండేది.

ఆ వారమంతా మా ఆయన మనిషే మారిపోయారు. పెద్ద డేగిసాలు ఎక్కడ దొరుకుతాయో వాకబు చేశారు. ఓనరు ఇంటికెళ్లి ఆర్డరు ఖాయమైపోయిందని చెప్పేసి వచ్చారు. వారం తిరిగాక ఇంగ్లీషులో మెసేజి వచ్చింది. ఆ పిల్ల దాన్ని చదివి, "వద్దన్నారు ఆంటీ" అని ఫోన్ నా చేతికి తిరిగిచ్చింది.

నేను ఊరుకోలేదు. ఆటో ఎక్కి ఆ ఆఫీసుకెళ్లాను. సెక్యూరిటీవాళ్లు కింద సోఫాలో కూర్చోబెట్టారు. ఆయన దిగొచ్చి నా పక్కన కూర్చుని తన ఫోన్ చూపించాడు. నా బ్లాగే. దాన్ని ఫోనే ఇంగ్లీషులోకి మార్చిపెట్టిందట.

"మేడమ్, పశువులు తాగే నీళ్లు మనుషులకు పోస్తున్నానని మీరే రాశారు. మాడిన కూర అమ్ముతున్నానన్నారు. మీ భర్త తిని ఇంకా చనిపోలేదని రాశారు. ఇది మీదేనా?" అని హిందీలో అడిగాడు. గొంతులో వెటకారం లేదు. ఉంటే కనీసం తిరగబడి ఉండేదాన్ని.

"నాదే సార్."

"నేను తిన్నాను. బాగుంటుందని నాకు తెలుసు. కానీ పైవాళ్లు ఇవన్నీ ప్రింటు తీసి నా ముందు పెట్టారు. రేపు ఎవరికైనా కడుపు నొప్పి వస్తే, ఆవిడ ముందే చెప్పింది కదా అంటారు. నేనేం జవాబు చెప్పను?"

అది మర్యాద సార్, మా వైపు అలాగే అంటాం, బాగుందని చెప్పకూడదు సార్, అన్నాను. ఆయన నిజంగా అర్థం కాక అడిగాడు, "బాగుంటే బాగుందనే రాయొచ్చు కదా?" ఆ ప్రశ్న తెలుగులో నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాళ్లు పట్టుకుంటాను సార్ అని వంగబోయాను. మెళ్లో కార్డులు వేసుకున్నవాళ్లంతా ఆగి చూస్తున్నారు. ఆయన కంగారుగా లేచి వెనక్కి జరిగి, సారీ మేడమ్, సారీ మేడమ్ అంటూ లిఫ్టు వైపు వెళ్లిపోయాడు. ఆ మనిషి ముందు నేను అంత దిగజారినందుకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతుంది.

ఆ పిల్ల ఏడ్చింది. "నా వల్లే ఆంటీ. పాతవన్నీ తీసేసి పాజిటివ్‌గా రాద్దాం. ఇంకో ఆఫీస్ దొరుకుతుంది." మునిగిపోయేదాన్ని, ఏది చెప్తే అది చేశాను. 'మా సాంబారు చాలా రుచిగా ఉంటుంది. మా వంకాయ కూర అమోఘం. తప్పక నచ్చుతుంది' అని రాశాను. పళ్లు బిగబట్టుకుని రాశాను.

మర్నాడు రోజూ వచ్చే కుర్రాళ్లలో ఒకడు కౌంటర్ దగ్గర నిలబడి అనుమానంగా లోపలికి తొంగి చూశాడు.

"ఆంటీ, షాప్ ఎవరికైనా ఇచ్చేశారా? వంట మీరే చేస్తున్నారా?"

"ఎందుకొచ్చింది ఆ డౌటు?"

"చాలా బాగుంటుందని రాశారు కదా. మా రూమ్‌లో అందరూ అదే అనుకుంటున్నారు, కుక్ మారిపోయాడని."

నాకు తిక్క రేగింది. బాగాలేదంటే ఆఫీసు పోయింది. బాగుందంటే ఉన్నవాళ్లూ పోయేలా ఉన్నారు. ఇంకేమని రాసి చావాలి నేను? "నేనే చచ్చీ చెడీ చేస్తున్నాను. తింటే తిను, లేకపోతే పో!" అని గరిట గిన్నెకేసి కొట్టాను. వాడు గుండెల మీద చెయ్యేసుకుని, "హమ్మయ్య, ఆంటీయే" అన్నాడు. నవ్వుతూ ఒక సాంబారు, ఒక వేపుడు కట్టించుకున్నాడు. నేను నవ్వలేకపోయాను. వాడు కట్టించుకున్నది ఒక్క పూట కూర.

ఇంకో ఆఫీసు దొరకలేదు. నెలాఖరుకి ఓనరు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "మాట ఇచ్చేసినానమ్మా. నేనేం చేసేది చెప్పు. మీ గోంగూర లేకుండా మా ఇంట్లో ఎట్లుండేదో నాకే తెలీదు," అన్నాడు. తిట్టాలనుకున్నాను. ఆయన మొహం చూసి, ఆ పూట గోంగూర పొట్లం కట్టిచ్చాను.

చివరి రోజు మా ఇద్దరికే కాస్త గోంగూర పప్పు చేశాను. పెద్ద గిన్నెలన్నీ పాతసామానువాడు పట్టుకుపోయాడు. ఖాళీ షాపులో షట్టర్ సగం దించి, కింద చాప వేసుకుని కూర్చున్నాం. ఆయనకు వడ్డించాను. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఆ మాట కోసం నేను ఎదురుచూస్తున్నాను. తుప్పు పట్టిన నాలుక అని తిట్టడానికి నోరు సిద్ధంగానే ఉంది.

"బాగుంది," అన్నారాయన.

"ఏంటీ?"

"చాలా బాగుందే. ఎప్పుడూ చెప్పలేదు గానీ, నీ చేతి వంట..."

మంచాన పడ్డవాళ్లతో అంత మెత్తగా మాట్లాడతారు. షాపు పోయిందని నాకు నిజంగా తెలిసింది అప్పుడే.

"ఆ మాట నాకొద్దు," అన్నాను. "ఉప్పు తగ్గిందని చెప్పండి."

ఆయన కంచంలో మెతుకులు దగ్గరికి తీసుకున్నారు.

"చెప్పండీ! రోజూ అనేదే కదా, ఇవాళేమొచ్చింది మీకు? తగ్గిందని చెప్పండి!" షట్టర్ బయట ఎవరైనా వింటారన్న ధ్యాస కూడా లేకుండా అరిచాను.

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నారు. నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలారు.

"లేదే," అన్నారు. "సరిపోయింది."