మూసిన గ్యారేజీలో అల్లుడు

అమెరికాలో, అరోరా అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అల్లుడుగారు ఒక పాత కారు కొని, లాప్‌టాప్ తగిలించి, ఇంజన్ తనే సరిచేసుకునేవారు. ఆ జనవరి ఉదయం బయటంతా మంచు.

"చలికి స్టార్ట్ అవ్వాలంటే పెట్రోల్ ఎక్కువ ఇవ్వాలి అత్తయ్యగారూ. వేడెక్కేకొద్దీ తగ్గించాలి. ఎంతన్నదే చూస్తున్నా," అన్నారు. వేళ్లు కొంకర్లు పోతున్నాయని గ్యారేజీ షట్టర్ దించేసుకున్నారు.

కాసేపటికి ఇంట్లోంచి గ్యారేజీలోకి ఉన్న తలుపు తీసుకుని కాఫీ తీసుకెళ్లాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆయన లాప్‌టాప్ మీద తల వాల్చి ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను. అల్లుణ్ణి అత్తగారు తట్టి లేపడం మా ఇళ్లలో లేదు. గ్లాసు పక్కన పెట్టి వెనక్కి తిరిగాను. అంతలో నాకే తల దిమ్మెక్కింది.

"బాబూ!" అని అరిచాను. పలకలేదు.

గోడమీది స్విచ్ నొక్కి షట్టర్ లేపాను. చంకల కింద చేతులు వేసి ఆయన్ను మంచులోకి ఈడ్చాను. నా కేకలకు అమ్మాయి పరుగెత్తుకొచ్చి అంబులెన్స్‌ను పిలిచింది.

పొగలోని విషం ఒంటికెక్కిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదనీ డాక్టర్ చెప్పారు. కళ్లు తెరవగానే ఆయన, "ఇంజన్ ఆపేశారా? అప్పుడే సెట్ అయింది," అన్నారు. మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడాయన సోఫాలో కునుకు తీసినా వెళ్లి భుజం తట్టి లేపుతాను. ఆయన విసుక్కోరు. "ఉన్నాను అత్తయ్యగారూ," అంటారు.