చేతికివ్వని ఉప్పు

బ్యాంకాక్‌లో చదువుకున్న రోజుల్లో నాకు గది అద్దెకిచ్చిన అవ్వ పోయిన వారం కన్నుమూసింది. ఆమె మనవరాలి సందేశం అందే సమయానికి నేను వాకాడులోని మా ల్యాబ్‌లో, ఒక రైతు తన గుంటలోంచి తెచ్చిన రొయ్యలను పరీక్షిస్తున్నాను. ఆయనకు ఫలితం చెప్పి పంపాక సందేశాన్ని మళ్ళీ చదివాను. దుఃఖం కన్నా ముందు కలిగింది అయోమయం. ఆమె మనసును నేను నొప్పించానో లేదో తెలుసుకునే దారి ఇక లేదు.

రొయ్యల జబ్బులపై పరిశోధనకు వెళ్ళి, రెండేళ్ళు ఆమె ఇంట్లో ఉన్నాను. కాలువ ఒడ్డున చెక్క ఇల్లు. కింద ఆమె, పైన నేను. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "అన్నం తిన్నావా?" అనేది. తిన్నానంటే నమ్మేది కాదు. కాలువ పొంగి మెట్లు మునిగినా, నా ప్రయోగం పాడైనా "ఏం ఫర్వాలేదు" అనేది. ఆ మాటకు ఆమె ముఖంలో ఎప్పుడూ ఒకే చిరునవ్వు.

మొదటి నెలలో ఒకరోజు పచ్చిమామిడి ముక్కలు కోసి, ఉప్పూకారం తన చేత్తో తీసి నా చేతిలో వేయబోయింది. నేను చప్పున చేయి వెనక్కి తీసుకుని బల్ల చూపించాను. మా ఇళ్ళల్లో ఉప్పు చేతికివ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ పోట్లాట వస్తుందంటారు. కింద పెడితే తీసుకుంటారు. ఆమెతో పోట్లాట రాకూడదనే అలా చేశాను. ఆమె ఒక్క క్షణం ఆగి, ఉప్పును బల్ల మీద సాసర్లో వేసింది.

ఆ తర్వాత ఆమె నాకేదీ చేతికివ్వలేదు. తాళంచెవి, ఉత్తరాలు, మంచినీళ్ళ గ్లాసు అన్నీ బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగేది. ఈ సంగతి గమనించడానికి నాకు వారం పట్టింది. గమనించిన రోజు అన్నం సహించలేదు. మా తాతకు ఊళ్ళో మంచినీళ్ళు చేయి తగలకుండా ఎత్తునుంచి దోసిట్లోకి పోసేవారని వింటూ పెరిగినదాన్ని. అలా పోసినవాళ్ళలాగే నేనూ ఆమెకు కనిపించానా?

నాకొచ్చిన కొద్దిపాటి థాయ్‌లో, నిఘంటువు దగ్గర పెట్టుకుని, ఉప్పు సంగతి వివరించాను. ఆమె ఓపిగ్గా విని పకపకా నవ్వింది.

"మనకు పోట్లాటెలా వస్తుంది? నువ్వు తిట్టినా నాకు అర్థం కాదు, నేను తిట్టినా నీకు అర్థం కాదు!" అంది. తర్వాత ఎప్పటిలాగే, "ఏం ఫర్వాలేదు."

మర్నాడు టీ మళ్ళీ బల్ల మీదే పెట్టింది. నేను చేయి చాచి చూశాను. నవ్వుతూ బల్ల చూపించింది. నా ఆచారాన్ని గౌరవిస్తోందా, మనసులో ముల్లు ఉండిపోయిందా? పరీక్షలు చేసి జవాబులు చెప్పడం నా వృత్తి. ఈ ఒక్కదానికి ఏ పరీక్ష ఉందో ఇప్పటికీ తెలియదు.

వార్త వచ్చిన సాయంత్రం అమ్మకు ఇదంతా చెప్పాను.

"నేర్పించింది నేనే గదమ్మా, ఆ తప్పు నామీదెయ్యి" అంది.

"ప్రార్థన చేసుకునేవాళ్ళం, మనకెందుకమ్మా ఈ ఉప్పు పట్టింపులు? పాస్టర్ గారు వింటే ఏమంటారు?"

"ఏమంటాడు? పాస్టరమ్మ గూడా కిందనే పెడతాది!" అని, "ఆదివారం ఆమె కోసరం ప్రార్థన చేయమని చెప్తా. నీకేమవుతాదని అడిగితే ఏం చెప్పేది?" అంది.

"అవ్వ అని చెప్పు" అన్నాను.

నేను తిరిగి వచ్చేసిన రోజు ఆమె వీధి చివరి దాకా వచ్చింది. చేతిలో మల్లెపూల దండ. ఇవ్వడానికి చేయి ముందుకు తెచ్చి, ఆగి, పెట్టడానికి ఏమైనా ఉందేమోనని చుట్టూ చూసింది. వీధిలో బల్ల ఎక్కడుంటుంది? నేను రెండు చేతులూ చాచేలోపే వంగి, దాన్ని నా సూట్‌కేసు పిడికి తగిలించింది. ఆ తర్వాత లేచి, పూల తడి అంటిన అరచేతిని నా చెంప మీద ఉంచింది. టాక్సీ హారన్ కొట్టేదాకా తీయలేదు.