తొమ్మిది గంటల గేటు

కూర్చో హన్నా. సరిగ్గా కూర్చుని సరిగ్గా విను. ఆ ఫోను పక్కన పెట్టు. కాదు కాదు, నువ్వు రాసేది అందులోనే కదా, పెట్టొద్దు. నేను ఈ అనపకాయల్లో గింజలు ఒలుస్తూ చెబుతాను, నువ్వు నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. నీ సొంత తెలివి మధ్యలో కలపకు.

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది, ఈస్టర్ అయిన వారం, నన్ను హోసూరు రోడ్డు పక్కనున్న బొమ్మనహళ్ళికి వేశారు. అప్పుడు నేను ఒక గార్మెంట్స్ కంపెనీలో వెల్ఫేర్ ఆఫీసర్ని. పెద్ద ఫ్యాక్టరీ అయితే చట్టప్రకారం ఇలాంటి ఆఫీసరు ఒకరు ఉండి తీరాలి. క్యాంటీన్లో సాంబారు నీళ్ళలా ఉందా, పసిపిల్లల గది శుభ్రంగా ఉందా, సూపర్‌వైజరు ఎవర్నైనా నోటికొచ్చినట్టు తిట్టాడా, ఇవన్నీ చూడాలి. మేనేజ్‌మెంట్ దగ్గర కార్మికుల తరఫున మాట్లాడాలి, కార్మికుల దగ్గర మేనేజ్‌మెంట్ తరఫున మాట్లాడాలి. రెండు వైపులా తిట్లు తినే ఉద్యోగం. నాకు బాగానే ఒంటబట్టింది.

బొమ్మనహళ్ళిలో మా యూనిట్ మూతపడింది. అక్కడ పని పోయిన ఆడవాళ్ళకి కొత్త పని దొరికేదాకా వారం వారం భృతి ఇస్తామని ఆ పేటలోనే ఉన్న ఒక ట్రస్టు ముందుకొచ్చింది. ఆ సెంటర్ నడపడానికి కంపెనీ నన్ను పంపింది. ట్రస్టు సెక్రెటరీ రామచంద్రప్ప గారని, హిందూపురం మనిషి, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. మంచివాడు. అయితే ఆయన మంచితనానికి కూడా రూల్సు ఉండేవి.

"ఊరికే ఇస్తే వాళ్ళ మర్యాదే పోతాదమ్మా. ఏదో ఒక పని చేసి తీసుకుంటే తల ఎత్తుకోని తీసుకుంటారు" అన్నారాయన మొదటి మీటింగులో.

నాకూ సబబుగానే తోచింది. రోజూ పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా సెంటర్లో స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టాలి, ఒక్క రోజు రాకపోయినా ఆ వారం భృతి ఉండదు. అదీ ఏర్పాటు. స్కూళ్ళు తెరిచేలోపు పేటలో పిల్లలందరికీ కొత్త అంగీలు. ఎవరు కాదంటారు? మిషన్లు తెప్పించారు, నీలం గుడ్డ కత్తిరించి ముక్కలు సిద్ధం చేశారు.

మొదటి రోజు ఆడవాళ్ళు హుషారుగా వచ్చారు. మిషన్ల చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం రామచంద్రప్ప గారు చేతులు రుద్దుకుంటూ చూడడానికి వచ్చారు. బల్ల మీద కాలర్లు. పక్క బల్ల మీద కాలర్లు. బుట్టలోనూ కాలర్లే. మొన దగ్గర సూది మొనంత తేడా లేకుండా, ఇస్త్రీ చేసినట్టున్న కాలర్లు. అంగీ మాత్రం ఒక్కటీ లేదు.

"ఏమ్మా, పిల్లోళ్ళు మెడకాయకి మాత్రం గుడ్డ కట్టుకోని ఇస్కూలుకి పోతారా?" అన్నారాయన.

భాగ్యమ్మ అని ముందు బల్ల దగ్గర ఉండేది. బిగ్గరగా మాట్లాడే మనిషి, ఏడాది నిండని బిడ్డని పక్కనే గుడ్డముక్కల గుట్టలో కూర్చోబెట్టుకుని కుట్టేది. "కాలర్ కుట్టమంటే కండ్లు మూసుకోని కుడతా సార్. మిగతాది వెనక బల్లోళ్ళు కుడతారు అనుకున్నా" అంది.

వెనక బల్లవాళ్ళు ఏమన్నారో తెలుసా? మిగతాది ముందు బల్లవాళ్ళు కుడతారనుకున్నారట!

ఇక చూడు నవ్వులు. ఫ్యాక్టరీలో అంగీ మొత్తం ఒకరు కుట్టరు. దాన్ని లైను అంటారు. ఒకరు కాలరు, ఒకరు జేబు, ఒకరు చెయ్యి అతికించడం, అలా ఒకరి తర్వాత ఒకరికి జరుగుతూ పోయి, లైను చివర అంగీ అవుతుంది. మా యూనిట్ ఒక్కసారిగా మూయలేదు. కాలర్లు కుట్టే సెక్షన్‌ని ముందు మూశారు. సెంటర్‌కి ముందు వచ్చి చేరింది వాళ్ళే. ఏళ్ళ తరబడి కాలరే కుట్టిన చేతులు. భాగ్యమ్మ మొగుడికి అంగీ కావాలంటే అంగట్లో కొంటుందట.

మమ్మల్ని కాపాడింది రత్న. ఆమె ఆ యూనిట్లో ఫ్లోటర్‌గా చేసింది. లైన్లో ఎవరు రాకపోతే వాళ్ళ మిషన్ దగ్గర కూర్చునే మనిషిని ఫ్లోటర్ అంటారు. అన్ని పనులూ వచ్చి ఉండాలి. "ఏమక్కా, ఇన్నేండ్లు నా పక్కనే కూచోని చెయ్యి ఎట్ల అతికిస్తారో ఒక్కసారి కూడా తిరిగి చూడలేదా?" అని రత్న వెక్కిరిస్తే, "తిరిగి చూస్తే సూపర్‌వైజరు మెడ తిప్పేటోడు కదే!" అని భాగ్యమ్మ జవాబు. వెక్కిరిస్తూనే రత్న అందరికీ నేర్పింది. పది రోజులు తిరగకుండానే సెంటర్లో అంగీలు రాలడం మొదలైంది. రామచంద్రప్ప గారు మొదటి అంగీని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళావిడకి చూపించుకొచ్చారు.

అంతా బాగుంది కదా? ఆ గింజ కింద పడింది, తియ్. ఆ, అప్పుడు భాగ్యమ్మ నా గదికి వచ్చింది.

హోసూరు రోడ్డు మీద ఇంకో యూనిట్లో మనుషుల్ని తీసుకుంటున్నారు. అక్కడ పసిపిల్లల గది ఉంది. పేరుకి తాళం వేసి పెట్టిన గది కాదు, ఆయా ఉండి నడిచే గది. అలాంటి యూనిట్లు తక్కువని నాకు తెలుసు, చూసేది నేనే కదా. బిడ్డని తీసుకుని పనికి పోవాలంటే ఆమెకి ఉన్న దారి అదొక్కటే. మరుసటి రోజు పొద్దున గేటు దగ్గరికి రమ్మన్నారు.

"గేటు తొమ్మిదికి తీస్తారు మేడమ్. అప్పుడు నిలబడినోళ్ళనే ట్రయల్‌కి తీసుకుంటారు. నేను ఆడికి పోతే ఈ వారం భృతి పోతాది కదా?"

గార్మెంట్స్‌లో ఉద్యోగం పేపర్లో ప్రకటన చూసి దొరికేది కాదు. పొద్దున గేటు దగ్గర సూపర్‌వైజరు వచ్చి ఏ పనికి ఎంతమంది కావాలో చెబుతాడు. ముందున్నవాళ్ళని లోపలికి తీసుకెళ్ళి మిషన్ ముందు కూర్చోబెట్టి చూస్తాడు. అది ట్రయల్. ఆ తర్వాత గేటు మూస్తే మళ్ళీ రేపే. మేము సెంటర్లో పని పెట్టింది సరిగ్గా ఆ గంటకే.

రామచంద్రప్ప గారిని అడిగాను. "రూలంటే రూలమ్మా. ఈమెకి వదిలితే, రేపు అందరికీ అవ్వలు చచ్చిపోతారు, అందరికీ చెల్లెళ్ళ పెండ్లిండ్లు వస్తాయి" అన్నారు. బ్యాంకులో ఎన్ని సెలవు చీటీలు చూశారో మరి!

భాగ్యమ్మ గుమ్మం దగ్గరే బిడ్డని చంకనేసుకుని నిలబడి ఉంది. "పని చేస్తేనే భృతి అన్నారు, సరే అన్నాము. పని కోసం పోతే భృతి లేదంటే ఎట్లప్పా సారూ? మేము పనిలోకి పోవాల్నా, మీ దగ్గరే ఉండిపోవాల్నా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"రేపు మీరే ఆ గేటు దగ్గరికి రండి, చూసి చెప్పండి" అన్నాను నేను. భాగ్యమ్మకి మాత్రం వెళ్ళమని చెప్పాను. ఆమె మిషన్ దగ్గర రత్న కూర్చుంటుందని ఏర్పాటు చేశాను. లైను ఆగకపోతే అంగీలు ఆగవు. ఫ్యాక్టరీలో ఏళ్ళుగా చేస్తున్నదే కదా.

పొద్దున రామచంద్రప్ప గారు తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని వచ్చారు. గేటు ముందు ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. వాచ్‌మన్ ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాడు.

"తాతా, సెక్యూరిటీ పనికా? నింపేసినారు. జర పక్కకి నిలబడు, ఆడోళ్ళకి అడ్డం వస్తా ఉండావు."

"నేను ట్రస్టు సెక్రెటరీనప్పా!"

"ఆ పోస్టు కూడా ఖాళీ లేదు తాతా."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. భాగ్యమ్మ "నా బిడ్డని పట్టుకోండి మేడమ్" అని నా చేతిలో పెట్టి ముందుకి తోసుకుంటూ పోయింది. సూపర్‌వైజరు వచ్చి కాలర్‌కి కావాల్సినంత మంది దొరికారన్నాడు. ఆ వెంటనే "చెయ్యి అతికించేది ఎవరికి వస్తాది?" అని అడిగాడు. గుంపులోంచి భాగ్యమ్మ చెయ్యి లేచింది. లోపలికి పోయింది, గేటు మూశారు.

అప్పుడే ఇంకో ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది, మన సెంటర్ మనిషే. సెంటర్లో హాజరు సంతకం పెట్టి, ఆ తర్వాత పారిపోయి వచ్చింది. "రేపు రామ్మా" అన్నాడు వాచ్‌మన్. ఆమె వెనక్కి తిరిగేసరికి ఎదురుగా సెక్రెటరీ. దొరికిపోయానని నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం మూసిన గేటు వైపు కాసేపు చూశారు. ఆటోలో తిరిగి వస్తూ, "సెంటర్ మధ్యానం రెండుకి పెడదామమ్మా. గేటుకి పోయి వచ్చినోళ్ళు కూడా వచ్చినట్టే లెక్క" అన్నారు. అవ్వల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

భాగ్యమ్మకి పని దొరికింది. బిడ్డ ఆ యూనిట్ గదిలోనే నడక నేర్చి, పరుగెత్తడం కూడా నేర్చింది. రామచంద్రప్ప గారు ఇప్పటికీ కలిస్తే, "చూసినావా, మా పని చేసినందుకే కదా చెయ్యి అతికించేది వచ్చింది" అంటారు. "గేటుకి పోనిచ్చినందుకే కదా ఆ చెయ్యి పనికొచ్చింది" అంటాను నేను. ఈ గొడవ తెగదు. తెగితే మాకు మాట్లాడుకోవడానికి ఏముంది?

నేను నేర్చుకున్నది రాసుకో. భృతి ఇచ్చేవాళ్ళు పని అడగడం తప్పు కాదు. అడిగే ముందు, ఆ పనితో చేతికి కొత్త విద్య వస్తుందా లేదా చూడాలి. సొంత పని వెతుక్కునే పొద్దు వాళ్ళకి మిగులుతుందా లేదా చూడాలి. ఈ రెండూ లేకపోతే అది సాయమూ కాదు, ఉద్యోగమూ కాదు. ఇంకొకటుంది, అసలు పని చేయలేని వాళ్ళ మాట...

"అత్తా, రాగిముద్ద చల్లారిపోతా ఉండాది, రా!"

మీ అమ్మ పిలుస్తోంది. ఉండవే కోడలా, అనపకాయలు సగం అట్లే ఉండాయి, ఒలిచేసి వస్తా!

"ఒలిచినా ఒలవకున్నా ముద్ద పెడతా కదత్తా, ముందు లేసి రా!"

విన్నావా హన్నా? అది రాసుకో, అదే, నేను ఆ మీటింగులో రామచంద్రప్ప గారికి చెప్పాల్సింది, అప్పుడు నాకు తోచక...

"అత్తా!"

వస్తున్నానమ్మా. హన్నా, ఎక్కడిదాకా వచ్చాం? ఆ, పని చేయలేని వాళ్ళకి మాత్రం ముందు...