మూలకి మూల కలిపి మడిచిన బరకాలు

జూన్ రెండో వారం, మధ్యాహ్నం రెండుంబావుకి ఆర్మీ ట్రక్కు దిగాం. కొండమీది ఊరు. ఈ దేశంలో జూనంటే నడి చలికాలం. మైనస్ రెండు డిగ్రీలు, పడమటి గాలి. ఆరుగురం, నాలుగు టార్పాలిన్ బరకాలు, తాళ్లు, రెండు నిచ్చెనలు. అడవి మంటల్లో ఇల్లు పోగొట్టుకున్న జోన్ ఆంటీకి ఊరివాళ్లు తలో చెయ్యీ వేసి కడుతున్న ఇల్లు అది. గోడల చట్రం లేచింది, చెక్క నేల పరిచారు, పైకప్పు లేదు. అది వచ్చేదాకా, అంటే నెల్లాళ్లు, నేల తడవకూడదు. మాకిచ్చిన ఆర్డరు అంతే.

ఆంటీ పక్కనే కారవాన్‌లో, చక్రాల మీది చిన్న గదిలో, ఉండేది. పొగకి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈ చలికాలమంతా అందులోనే గడిపితే కష్టమని డాక్టరు చెప్పాడట. "ఆగస్టుకి లోపలికి వెళ్తాను కదా, లవ్?" అని రోజూ అడిగేది. అందర్నీ ఆప్యాయంగా అలాగే పిలిచేది.

"వెళ్తారు, ఆంటీ," అనేవాణ్ణి.

పదిహేను రోజులు బరకాలు కప్పి బాగానే కాపాడాం. రెండు గంటలకోసారి తాళ్లు బిగించడం, కర్రతో పొడిచి నీళ్లు దింపడం. పదహారో రోజు పొద్దున్న ఆరింటికి రేడియోలో కెప్టెన్.

"పదకొండుకి అతిథి వస్తున్నారు. కవర్లు తీసేయండి. ఫొటోలో ఇల్లు కనబడాలి."

"మధ్యాహ్నానికి మంచు పడుతుందంటున్నారు, సర్," అన్నాడు సార్జెంట్.

"అప్పటికి మళ్లీ కప్పేయండి. అవుట్."

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు. సరే, వాళ్ల సంగతి అది. నా సంగతి వినండి.

బరకాలు దించాం. తడిసి ముద్దయి ఉన్నాయి. మా కార్పెంటర్ కర్నూలువాడు. "మడత పెట్టొద్దునా, తడి ఉండాది. ఊరికే కుప్పేద్దాం," అన్నాడు.

"నోర్మూసుకుని పట్టుకోరా. మూలకి మూల కలవాలి," అన్నాను.

సైన్యంలో ఎనిమిదేళ్లు దుప్పటి దగ్గర్నుంచి డేరా దాకా అలాగే మడిచిన చేతులు మరి! నాలుగు చదరాలు చేసి నీడలో పేర్చాను. "నీట్ జాబ్, మేట్," అన్నాడు సార్జెంట్. పొంగిపోయాను. ఛీ!

అతిథి పదకొండుంబావుకి వచ్చి, మెరిసే హెల్మెట్ పెట్టుకుని, నాలుగు నిమిషాలు నవ్వి వెళ్లాడు. పదకొండూ నలభైకి మంచు మొదలైంది. పరుగెత్తాం. బరకాలు మడతల్లోనే గడ్డకట్టి చెక్క పలకల్లా ఉన్నాయి. లాగితే చిరుగుతున్నాయి. బూట్లతో తొక్కాం, ఫ్లాస్కుల్లో టీ పోశాం. "చెప్తిని కదనా," అన్నాడు కార్పెంటర్ ఏడుపుగొంతుతో. మొదటిది విప్పేసరికి మూడు దాటింది. ఆ మంచు కరిగి నేల చెక్కలు ఉబ్బిపోయాయి, మొత్తం పీకాలన్నారు. ఆగస్టు కాస్తా నవంబరైంది.

క్వేకర్స్ హిల్‌లో మా ఇంటికి తిరిగొచ్చాక, క్రమశిక్షణ మెచ్చుకుంటూ నాకో కాగితం పంపారు. మరుసటి ఏడు సైన్యం వదిలేశాను. ఈ కథ విన్నవాళ్లంతా కెప్టెన్‌ని తిడతారు. మడవమని ఆయన చెప్పలేదు.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. ఆ మంచులో జోన్ ఆంటీ నైటీ మీద కోటు వేసుకుని, దగ్గుకుంటూ, తన వంటిల్లు కాబోయే చోట చీపురుతో ఊడుస్తోంది. ఊడ్చినచోటే మళ్లీ పడుతోంది. చీపురు అందుకోబోయాను.

"బూట్లు విప్పి రా, లవ్," అంది. "కొత్త నేల."

విప్పాను.