ఆర్లిస్ బస్సులో గుండె పాఠం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఆర్లిస్ ట్వైట్ నోరు అస్సలు మంచిది కాదు, అయినా ఊరంతా ఆవిడదే. నార్త్ డకోటాలో మోకాళ్ళ దాకా మంచు పడ్డ రోజున కూడా మా బడి పసుపు బస్సు టైముకొచ్చిందంటే స్టీరింగు ముందు ఆవిడున్నట్టే.

నేను ఆ బళ్ళోనే జీవశాస్త్రం టీచర్ని. ఈ వసంతంలో నా పాత పికప్పు బండి మొండికేసింది. చేసేదేముంది, పిల్లలతోపాటు నేనూ బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటు నాది.

ఓ పొద్దున్న పదో తరగతి కోల్టన్ పుస్తకం ధబీమని మూసేశాడు. "ఈ కప్పలూ గుండెకాయలూ ఎవడిక్కావాలి మామ్మా? నువ్వు పాసయ్యావా ఏంటి?"

"పాసవడమా! అసలు రాస్తేగా!" అంది ఆర్లిస్. "ఆఖరేడు, ఆఖరి పరీక్ష ఇదే, ఇదొక్కటే మిగిలింది. ఆ వారమే మా నాన్న ధాన్యం గాదె మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గోధుమలు విత్తేదెవరు? ట్రాక్టరెక్కాను. మళ్ళీ బడి మెట్లెక్కలేదు."

నవ్వుతూనే అంది. కానీ పైన అద్దంలో ఆవిడ కళ్ళు నాకు కనబడుతూనే ఉన్నాయి, అవి నవ్వలేదు.

"అయితే మాతోపాటు రాసెయ్!" అన్నాడు కోల్టన్. బస్సంతా అందుకుంది, "రాసెయ్ మామ్మా, రాసెయ్!"

నేను వెళ్ళి ప్రిన్సిపాల్ని పట్టుకున్నాను. రాయొచ్చు గానీ పిల్లల పేపరే రాయాలి, దయతలచి మార్కులెయ్యడాల్లేవన్నాడు. పైగా ఇదొక్కటే అవకాశం. వచ్చే ఏడాది మా బడి మూసేసి పక్కూరి బళ్ళో కలిపేస్తున్నారు. మా బడి పేరున్న పట్టా కావాలంటే ఈ మే నెలలోనే, తప్పిందంటే ఇంకెప్పటికీ లేదు.

"రాస్తాను," అంది ఆర్లిస్. "తప్పాక ఒక్కడు నవ్వాడో, నడిదార్లో దింపేస్తా."

ఇక చూడండి సంబరం! చేతుల్లో స్టీరింగుంటే పుస్తకం ఎక్కడ పట్టుకుంటుంది? బస్సునే పుస్తకం చేసేసింది. మా బస్సుకి తలుపు కుడి పక్కన కాబట్టి తలుపు వైపు సీట్లు కుడి గుండె, తన వైపువి ఎడమ గుండె. ముందు సీట్లు పైగదులు, వెనకవి కిందగదులు. ఓ పాత టోపీ రక్తం. అది తలుపు వైపు ముందు సీటు నుంచి చేతులు మారుతూ వెనక్కెళ్తే, ఊపిరితిత్తులైన కెన్నా అనే పిల్ల అట్టడుగు సీట్లోంచి దాన్ని ఉఫ్ఫని ఊది "గాలెక్కింది!" అని కేకేసేది. అక్కణ్ణించి టోపీ ఎడమ వైపు ముందుకి, మళ్ళీ వెనక్కి. మధ్యలో ఆర్లిస్ అద్దంలోంచి ఒకటే అరుపులు. "ఒరేయ్ కోల్టన్, నువ్వు కవాటానివిరా, మూసుకో! రక్తం వెనక్కొచ్చేస్తోంది!"

నేను ఏడాదంతా గొంతు చించుకున్నా ఎక్కని పాఠం బస్సులో అందరికీ ఎక్కేసింది. నాకు కుళ్ళు రాలేదంటే అబద్ధమే.

పరీక్ష దగ్గరపడ్డాక ఓ నమూనా పేపరిచ్చాను. ఆర్లిస్ గుండె బొమ్మ చూసి నెత్తి కొట్టుకున్నాను. కుడి గదుల పేర్లన్నీ ఎడమ గదులకి పెట్టింది, ఎడమ వాటివి కుడి గదులకి.

"ఇదేంటే, గుండెనిలా తిప్పేశావు?"

"నా అద్దంలో కుడి వైపు పిల్లలు కుడి పక్కనే కనబడతారే మారిట్. తేడా నీ పుస్తకంలోనే ఉంది."

"పుస్తకంలో మనిషి నీకెదురుగా నిలబడతాడే. వాడి కుడి నీకు ఎడమవుతుంది."

"అయితే వాణ్ణి అటు తిరగమను!"

నవ్వాగలేదు నాకు. కానీ ఎన్నిసార్లు చెప్పినా పెన్సిలు తప్పు వైపుకే పోయేది. బొమ్మ మీద బోలెడు మార్కులు. అది పోతే పరీక్షా పోయినట్టే. "ఇన్నేళ్ళు అద్దంలో చూసిన బుర్ర ఇది. నా వల్ల కాదే," అంది. ఆ గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు బస్సులో పిల్లలు పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఒకళ్ళ మీద ఒకళ్ళు ఉమ్ముకుంటున్నారు. ఆర్లిస్‌కి తిక్క రేగింది. బస్సు పక్కకి ఆపి, బ్రేకు బిగించి, లేచి వెనక్కి తిరిగి వేలెత్తింది. ఆ వేలు లేచిందంటే ఒక్కడు ఊపిరి తియ్యడు. నోళ్ళు మూతబడ్డాయి, చేతులు ఒళ్ళోకొచ్చాయి.

తిట్టబోయి అలాగే ఆగిపోయింది. "కదలకండి! కోల్టన్, నువ్వు కుడి గుండెవి కదరా? నాకు ఎడమ పక్కనున్నావేంటి?"

"నేనెప్పుడూ ఇక్కడే మామ్మా! ఒట్టు!" అన్నాడు వాడు బెదిరిపోయి.

"ఓరి నీ దుంపతెగ! అద్దంలో చూడ్డం కాదే మారిట్, ఆ బొమ్మకి ఎదురుగా లేచి నిలబడి తిట్టాలి!"

పరీక్షనాడు మొదటి బల్ల ఆర్లిస్‌ది, పిల్లలంతా వెనక. కాపలా నేనే. గుండె బొమ్మ దగ్గర పెన్సిలు ఆగింది. కుడి వైపుకి పోయింది, మళ్ళీ వెనక్కొచ్చింది. ఆవిడ నుదుట చెమట. తెలిసీ నోరు కుట్టేసుకుని నిలబడ్డం ఎంత నరకమో నాకే తెలుసు.

ఉన్నట్టుండి ఆర్లిస్ లేచింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. వెనక్కి తిరిగి వేలెత్తింది.

హాలంతా పెన్సిళ్ళు కింద పడ్డాయి. నోళ్ళు మూతబడ్డాయి, చేతులు ఒళ్ళోకొచ్చాయి. గుమ్మంలో ఉన్న ప్రిన్సిపాల్, చిన్నప్పుడు ఆయనా ఆ బస్సు పిల్లాడేగా, గబుక్కున జేబుల్లోంచి చేతులు తీసేశాడు! ఆర్లిస్ మూసిన కళ్ళతోనే గాల్లో నాలుగు చోట్ల వేలితో పొడిచి, కూర్చుని చకచకా రాసేసింది. కళ్ళు మూసుకుని వెనక్కి తిరక్కూడదని ఏ నిబంధనలో ఉంది?

ఆవిడ పేపరు భయంకొద్దీ ఆఖర్న దిద్దాను. గుండె నాలుగు గదులూ ఎక్కడివక్కడే. మిగతావాటిలో కొన్ని తప్పులున్నా దర్జాగా గట్టెక్కింది. నేను వంటింట్లో ఒక్కదాన్నే గెంతాను, ఈ వయసులో.

పట్టాలిచ్చే రోజు బళ్ళో కాలుపెట్టే చోటు లేదు. ఆర్లిస్ నల్ల గౌను కింద బస్సు బూట్లతోనే వేదికెక్కింది. పట్టా అందుకుని జనం వైపు తిరిగింది. పిల్లలు కేకలెయ్యడానికి నోళ్ళు తెరిచారో లేదో, అలవాటుకొద్దీ ఆ వేలు లేచింది. అంతా గప్‌చుప్. నేను మాత్రం ముందు వరసలో వెక్కి వెక్కి ఏడుస్తున్నా.

ఆర్లిస్ అందర్నీ ఓసారి చూసింది. వేలు దించేసింది.

"ఈ ఒక్కరోజూ అరవండ్రా!"

అరిచారు చూడండి, పైకప్పు లేచిపోతుందేమో అనుకున్నాం. పోతే పోనీ, ఎలాగూ మూసేసే బడేగా!